రిజిస్టరైపోయిన ముద్దుపేరు

పోయిన వారం మనం కునుకమ్మను పేర్లు రిజిస్టరు చేయించే లాయరు గదిలో, చల్లారిపోతున్న టీ ముందు వదిలేసి వచ్చాం. ఆ టీ ఆమె ఆ తర్వాత కూడా తాగలేదు. గొంతు దిగే స్థితిలో ఉంటే కదా!

మరిచిపోయినవాళ్ళ కోసం ఒక్క ముక్క చెప్పాలి. దిండ్లు కుట్టుకుని బతికే మన కునుకమ్మ మొదటిసారి సొంతంగా దుకాణం తెరవబోతోంది. మిషను ముందు కూర్చుంటే చాలు, కూర్చున్నది కూర్చున్నట్టే కునుకు తీస్తుందని ఆమె మొగుడు పెట్టిన ముద్దుపేరు అది. అతను సోఫాలు కుట్టే మేస్త్రి. దుకాణానికీ ఆ పేరే పెట్టాలనుకుని ఆమె బోర్డు రాయించింది, దిండ్లకు కుట్టే గుడ్డ లేబుళ్ళు నేయించింది. శుక్రవారం తలుపులు తెరవాలి. ఆ పేరును ఇంకెవరూ ఎత్తుకుపోకుండా తన పేరిట రాయించుకుందామని లాయరు దగ్గరికి వెళ్తే, అది ఎప్పుడో ఇంకొకరి పేరిట రిజిస్టరైపోయిందని తేలింది. వాళ్ళదీ దిండ్ల కంపెనీయే. యజమాని ఒక ఆడమనిషి. రిజిస్టరు చేయించింది కునుకమ్మ పెళ్ళికి ముందే.

మనిషికి సవతి ఉండటం విన్నాం గానీ, పేరుకు సవతి ఉండటం ఎక్కడైనా విన్నామా?

"ముందు 'కొత్త' అని తగిలిస్తే కుదరదా అండీ? కొత్త కునుకమ్మ?" అని ఆశగా అడిగింది ఆమె.

లాయరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "చూడమ్మా, దారినపోయేవాడు మీ బోర్డు చూసి, ఇదీ అదీ ఒకటే కంపెనీ అనుకుంటాడా లేదా? లెక్కంతా అక్కడే. ముందు కొత్త తగిలించినా, వెనక అండ్ కో తగిలించినా అలాగే అనుకుంటాడు. మీవీ దిండ్లే, వాళ్ళవీ దిండ్లే. ఇదే పేరుతో మీరు నీళ్ళ మోటార్లు అమ్ముతానంటే అప్పుడు వేరే సంగతి."

"పోనీ 'మెత్తని దిండ్లు' అని పెట్టుకుంటే?"

"అది పేరు కాదమ్మా, సమాచారం. రేపు ఎదురు కొట్టువాడూ అదే రాసుకుంటే మీరు కాదనలేరు. మెత్తదనం మీ ఒక్కరి సొత్తేం కాదుగా?" అని, ఆమె ముఖం చూసి కాస్త మెత్తబడ్డాడు. "ఒకటే దారి ఉంది. ఆవిడ ఒప్పుకుని సంతకం పెట్టాలి. పెడుతుందని నాకైతే నమ్మకం లేదు. ఇదివరకు ఎవరో పరుపులకు దగ్గరదగ్గరగా ఇలాంటి పేరే పెడితే, బోర్డు దింపించేదాకా ఊరుకోలేదట."

సరే, ఇంటికొచ్చి మొగుణ్ణి నిలదీసింది. నిలదీసింది అని అనడమే గానీ, నోట్లో మేకులున్న మనిషిని నిలదీయడం ఎలాగో ఎవరైనా చెప్తే బాగుండును. సోఫా మేస్త్రులకు పొట్టి మేకులు పెదాల మధ్య పట్టుకుని, ఒక్కొక్కటే తీసి కొట్టుకుంటూ పోవడం అలవాటు. మన మేస్త్రి మామూలుగా ఓ నాలుగు పెట్టుకుంటాడు. ఆ సాయంత్రం, "ఈ పేరు నీకెక్కడిదయ్యా?" అని పెళ్ళాం అడిగేసరికి, డబ్బాలో చెయ్యి పెట్టి గుప్పెడు తీసి నోట్లో పోసుకున్నాడు. ఇక మాట ఎక్కడినుంచి వస్తుంది? టక్కు టక్కుమని సుత్తి చప్పుడు తప్ప ఇంకేం లేదు. తేలు కుట్టిన దొంగ కూడా అంత నిశ్శబ్దంగా ఉండడు.

ఆ పేరుతో ఆమెను మొదటిసారి పిలిచిన రోజు ఇప్పుడు గుర్తొచ్చింది. పెళ్ళైన కొత్త. మిషను మీద తల వాల్చి నిద్రపోతుంటే, "కునుకమ్మా, లే" అన్నాడు. అన్నవాడు వెంటనే ముఖం పక్కకు తిప్పేసుకున్నాడు. సిగ్గుపడ్డాడనుకుని ఎంత మురిసిపోయింది! పిచ్చి మొద్దు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, ఎవరికో పెట్టిన పేరు తెచ్చి తన నెత్తిన పెట్టాడన్నమాట.

అంతకంటే పెద్ద మంట ఇంకోటుంది. మేస్త్రికి నిద్రలో కలవరించే అలవాటు. బుగ్గ కింద పిడికిలి పెట్టుకుని, చిన్నపిల్లాడిలా ముడుచుకుని పడుకుని, ఎప్పుడో ఒకప్పుడు "కునుకమ్మా" అంటాడు. తొమ్మిదేళ్ళుగా అంటున్నాడు. "మా ఆయన నిద్దట్లో కూడా నా జపమే వదినా" అని పక్కింటి వదిన దగ్గర ఎన్నిసార్లు గొప్పలు చెప్పుకుందో లెక్కలేదు. ఆ వదిన మొగుడు బస్సు కండక్టరు. "మా ఆయన నిద్దట్లో 'ముందుకు జరగండి, ముందుకు జరగండి' అని నన్ను మంచం మీంచి తోసేస్తాడు. అదృష్టవంతురాలివమ్మా" అని ఆవిడ కుళ్ళుకునేది. ఇప్పుడు ఆ అదృష్టం ఎవరిదో తేల్చుకోవాలి. అతను పిలిచేది పక్కనున్న దాన్నా, పక్కన లేని దాన్నా?

ఈర్ష్య అనేది చెప్పులో రాయి లాంటిది. కూర్చుంటే ఏమీ ఉండదు, నడిస్తేనే పొడుస్తుంది. మర్నాడే కునుకమ్మ బస్సెక్కింది.

ఆ షోరూము పక్క ఊళ్ళో, పెద్ద రోడ్డు మీద ఉంది. బోర్డు మీద తన పేరు చూసుకుని రోడ్డు మీదే ఆగిపోయింది. తను రాయించిన బోర్డు కంటే ఇది నాలుగింతలుంది. లైట్లు కూడాను! కొనడానికి వచ్చినట్టు నటించి, మనిషిని చూసి, అదను చూసి అడుగుదామని పథకం. దారంతా అనుకుంటూనే వచ్చింది: ఆవిడ అందగత్తె అయితే ఏడవాలి, కాకపోతే నవ్వాలి. తీరా చూస్తే ఆవిడ అటూ కాదు, ఇటూ కాదు. నలభైకి దగ్గరపడుతున్న మనిషి. కళ్ళ కింద నల్లటి వలయాలు. ఇంత షోరూముకు యజమాని అయ్యుండి మెడలో కొలతల టేపు, రైక అంచుకు దారంతో సహా గుచ్చిన సూది. పోట్లాడటానికి వచ్చినవాళ్ళకు ఇలాంటి మనుషులు తగలకూడదు, సగం బలం అక్కడే పోతుంది.

"రండమ్మా, పక్కకు తిరిగి పడుకుంటారా, వెల్లకిలానా?" అని అడిగింది ఆవిడ.

"నేనా? కూర్చుని" అంది కునుకమ్మ పొరపాటున.

ఆవిడ నవ్వింది. షోరూము చివర అమ్మకానికి పెట్టిన మంచం మీద పదకొండు పన్నెండేళ్ళ పిల్ల బడి బట్టల్లోనే ముడుచుకుని నిద్రపోతోంది. పుస్తకాల సంచి కాళ్ళ దగ్గర పడేసి ఉంది. "మా అమ్మాయీ మీ బాపతే. ఎక్కడ కూర్చుంటే అక్కడే. కొనడానికి వచ్చినవాళ్ళు దాన్ని చూసి, అదే మంచం కావాలంటారు" అని చెప్పి, వరసగా దిండ్లు తీసి బల్ల మీద పెట్టింది.

కునుకమ్మ ఒక దిండు అందుకుంది. గుండెల్లో ఎంత మంట ఉన్నా చేతికి దాని పని అది చేసుకుపోవడం అలవాటు. వేలు మూల దగ్గరికి వెళ్ళింది. మూలను లోపలికి మడిచి, దారాన్ని రెండు చుట్లు తిప్పి, ముడిని దూదిలోకి లాగేసిన కుట్టు. పైకి ఏమీ కనపడదు. నొక్కితే మాత్రం కందిగింజంత ముడి తగులుతుంది.

ఆ ముడి ఆమెకు తెలుసు. రోజూ పక్క సర్దేటప్పుడు చేతికి తగిలేదే.

మేస్త్రి పెళ్ళికి ముందు నుంచి వాడుతున్న దిండొకటి ఇంట్లో ఉంది. నలిగి, అణిగి, అట్టలా అయిపోయింది. ఇంకో దిండు కుట్టి ఇస్తానంటే వద్దంటాడు, దూదైనా మారుస్తానంటే ముట్టుకోనివ్వడు. పైన తొడిగే గలేబు కూడా తనే మార్చుకుంటాడు. "దిండ్లు కుట్టేదాని మొగుడు ఇలాంటి దాని మీద పడుకుంటే నా పరువేం కాను?" అని ఆమె అరిస్తే, "నాకిదే అలవాటు" అని ఊరుకుంటాడు. ఏ తల్లి చేతి దిండో, పోనీలే అనుకుంది ఇన్నాళ్ళూ. తల్లి కాదు, ఈ తల్లి! రోజూ తన పక్కనే, తన మంచం మీదే, ఆ మనిషి ఈవిడ దిండు మీద తల పెట్టుకుని పడుకున్నాడు. పడుకుని ఆ పేరు పిలిచాడు.

ఒళ్ళంతా భగ్గుమంది. పథకం గిథకం అన్నీ గాలికి పోయాయి.

"ఈ మూల కుట్టు ఎవరిది?" అంది.

ఆవిడ సర్దుతున్న దిండు పక్కన పెట్టింది. ఆమె చేతిని చూసింది, చేతిలోని దిండును చూసింది. "కొనడానికి వచ్చినవాళ్ళు దిండును గుద్ది చూస్తారమ్మా. మూల తడిమి చూడరు. మీదీ ఈ పనే. ఎవరు మీరు?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టయింది. ఇక దాచేదేముంది? "నా పేరు అదిగో, మీ బోర్డు మీదుంది. సోఫాల మేస్త్రి పెళ్ళాన్ని."

సోఫాల మేస్త్రి అనగానే ఆవిడ బల్ల పట్టుకుని నిలబడింది. ఆ నిలబడటం చూసి కునుకమ్మకు సంతోషం వేసింది. ఎందుకు అబద్ధం చెప్పాలి, బాగా సంతోషం వేసింది. ఆ వెంటనే, తన మొగుడి మాట ఎత్తితే కాళ్ళు వణికే ఆడది ఇంకొకతి ఉందే అని ఏడుపొచ్చింది.

"ఆయన పంపాడా?"

"ఆయన పంపేదేంటి? శుక్రవారం నా కొట్టు తెరుస్తున్నా. బోర్డు రాయించుకున్నా. తీరా లాయరు దగ్గరికెళ్తే ఈ పేరు మీదంటున్నారు."

"నాదే."

"తొమ్మిదేళ్ళ నుంచి ఆ పేరుతో పిలిస్తే పలుకుతున్నది నేను!"

"పలకండి. ఇంట్లో ఎవరు ఎవర్ని ఏమని పిలుచుకున్నా నాకెందుకు? దిండు మీద మాత్రం ఆ పేరు నాది." ఆవిడ గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది. "అద్దెకు తీసుకున్న గదిలో ఒక్క మిషనుతో మొదలుపెట్టాను. అప్పటినుంచీ ఆ పేరే. ఒకడు పరుపులకు పెట్టుకుంటే వాడి గుమ్మం ముందు నిలబడి మరీ తీయించాను. ఆ పేరు నేను ఎవరికీ ఇవ్వను."

"మిమ్మల్ని పిలిచిన పేరని అంత మమకారమా?" అనేసింది కునుకమ్మ. ఆ మాట అనకూడదని బస్సులో పదిసార్లు అనుకున్న మాటే అది.

ఆవిడ ఆశ్చర్యంగా చూసింది. "నన్నా? నన్ను ఆ పేరుతో ఎవరూ పిలవలేదమ్మా. నా ముఖం చూడండి. రెప్ప వాలి ఎన్నేళ్ళయిందో. నన్ను కునుకమ్మ అని ఎవరంటారు?"

అబద్ధం, అనుకుంది కునుకమ్మ. అబద్ధాల కోరు. ఈర్ష్య చెవులకు పట్టినప్పుడు మనిషి ఎదురుగా నిజం చెప్పినా వినపడదు.

"ఇంతకీ ఆయనేం చెప్పాడు మీకు?" అని అడిగింది ఆవిడ.

"ఏం చెప్తాడు? నోరు ఖాళీగా ఉంటే కదా."

"మేకులు" అంది ఆవిడ.

"గుప్పెడు" అంది కునుకమ్మ.

ఇద్దరికీ ఒక్కసారే నవ్వొచ్చింది. ఆపుకోలేనంత నవ్వు. నవ్వుతూ నవ్వుతూ కునుకమ్మ చటుక్కున ఆగిపోయింది. మేకుల సంగతి ఈవిడకూ తెలుసన్నమాట. ఆ నోరూ, ఆ మౌనం, గొడవ రాగానే డబ్బా వైపు వెళ్ళే ఆ చెయ్యి, అన్నీ తన సొంతం అనుకుంది. తన మొగుడిలో తనొక్కదానికే తెలిసినది ఇక ఏం మిగిలింది? దాన్ని రిజిస్టరు చేయించుకునే ఆఫీసు ఎక్కడుంది?

"నీలం చారల దిండు" అంది ఆవిడ ఉన్నట్టుండి. "ఇంకా ఉందా?"

గలేబు లోపల నీలం చారలే. కునుకమ్మ చేతిలోని దిండు జారి బల్ల మీద పడింది. ఆవిడకు అదే జవాబైంది.

"ఆ దిండు తెచ్చివ్వండి. వెంటనే సంతకం పెడతాను. పేరు మీరూ వాడుకోండి, నేనూ వాడుకుంటాను."

"ఇప్పుడే కదా ఎవరికీ ఇవ్వనన్నారు?"

"ఆ దిండులో మా వస్తువొకటి ఉంది. ఆయన అడక్కుండా పట్టుకుపోయాడు." ఆవిడ 'మా' అంది. మంచం మీద పిల్ల అటునుంచి ఇటు తిరిగింది. ఆవిడ గబగబా వెళ్ళి దుప్పటి కప్పింది. ఇటు తిరిగిన ఆ పిల్ల బుగ్గ కింద పిడికిలి పెట్టుకుని ఉంది. కునుకమ్మ చూసింది. చూసింది గానీ, అప్పుడు ఆమె బుర్రలో పాత దిండు తప్ప ఇంకేదీ పట్టే చోటు లేదు.

ఇల్లు చేరేసరికి ముందు గదిలో మేస్త్రి సుత్తి చప్పుడు వినపడుతోంది. పలకరించకుండా లోపలికి వెళ్ళి తలుపు చేరవేసింది. మంచం మీద ఆ దిండు, మధ్యలో అతని తల గుంట. గలేబు లాగేసింది. నీలం చారలు వెలిసిపోయి ఉన్నాయి. ఆ దిండును ముక్కలు ముక్కలుగా కోసి పొయ్యిలో పెట్టాలనిపించింది. కానీ కుట్టుపని చేసే చెయ్యి కదా, కోయలేదు. కత్తెర మొన పెట్టి మూల కుట్టు విప్పింది, ముడి తీసింది, దూదిలోకి చెయ్యి పెట్టింది. ఏముంటుంది? ఉంగరమా? ఫొటోనా? ఏదైనా సరే, ఈ రోజుతో తేలిపోవాలి.

చేతికి మెత్తగా ఇంకేదో తగిలింది. బయటికి లాగింది.

దిండు. దిండు లోపల దిండు. అరచేతిలో పట్టేంత బుల్లి దిండు. మధ్యలో చిన్న గుంట, అప్పుడే పుట్టిన బిడ్డ తల నిలవడానికి వదిలే గుంట. అలాంటివి తను ఎన్ని కుట్టి ఇవ్వలేదు! దాని మీద ఎర్ర దారంతో, వంకరటింకరగా, కుట్టుపని కంటే సోఫాల పని ఎక్కువ తెలిసిన మొరటు చెయ్యేదో కుట్టిన అక్షరాలు: కునుకమ్మ.

షోరూములో మంచం మీద పడుకున్న పిల్ల కళ్ళముందు కనపడింది. ఎక్కడ కూర్చుంటే అక్కడే. బుగ్గ కింద పిడికిలి, అచ్చం మేస్త్రిలా.

సుత్తి చప్పుడు ఆగింది. అడుగులు వినపడగానే ఆమె ఆ బుల్లి దిండును లేబుళ్ళ బుట్టలో కుక్కేసింది. ఎందుకలా దాచిందో అప్పుడు అడిగితే ఆమె చెప్పలేకపోయేది.

మేస్త్రి గుమ్మంలో నిలబడ్డాడు. నోట్లో మేకులు. మూల విప్పిన దిండును చూశాడు.

"ఒక్కటే అడుగుతా" అంది కునుకమ్మ. "నిద్దట్లో నువ్వు పిలిచేది ఎవర్ని? నన్నా, ఆవిడనా?"

అతను చెయ్యి ఎత్తి మేకులు ఒక్కొక్కటే నోట్లోంచి తీసి కిటికీ గట్టు మీద పెట్టాడు. గొడవ మధ్యలో అతని నోరు ఖాళీ కావడం ఆమె చూడటం అదే మొదటిసారి.

"ఇద్దర్నీ కాదు" అన్నాడు.

తెలిసిందే. అయినా అతని నోట వినేసరికి మంచం అంచున కూర్చుండిపోయింది. సవతి అయితే జుట్టు పట్టుకోవచ్చు. దుప్పటి కప్పుకుని నిద్రపోయే పిల్లనేం చేస్తుంది?

"అక్కడికి వెళ్ళావా?" అని అడిగాడు.

ఆమె తల ఊపింది. ఇప్పుడు సంజాయిషీ చెప్తాడు, కాళ్ళా వేళ్ళా పడతాడు, వినకూడదు అనుకుంది. అతను రెండడుగులు ముందుకొచ్చాడు.

"ఎంత ఎత్తయింది?"

వంద తిట్లు నాలుక చివర ఉన్నాయి. ఒక్కటీ రాలేదు. "తెలీదు" అంది. "పడుకునుంది."

అతను నవ్వబోయాడు. ఆ నవ్వు సగంలోనే ఇంకేదో అయిపోయింది. ముఖం తిప్పేసుకున్నాడు, సరిగ్గా తొమ్మిదేళ్ళ కిందట తిప్పుకున్నట్టే.

"ఆ దిండు ఇస్తే పేరుకు సంతకం పెడుతుందట" అంది కునుకమ్మ నేల చూస్తూ.

మేస్త్రి మంచం మీది దిండును చంకలో పెట్టుకున్నాడు. విప్పిన మూలను వేళ్ళతో మూసి పట్టుకుని, గుమ్మం దగ్గర చెప్పుల్లో కాళ్ళు దూర్చాడు. "నేనే ఇచ్చొస్తాను."

ఆమె ఒక్క ఉదుటున లేచి అడ్డం నిలబడింది. "నాకా పేరొద్దు. కొట్టుకు ఇంకో పేరు పెట్టుకుంటా. బోర్డు చెరిపేయిస్తా, లేబుళ్ళు పారేస్తా. పేరు లేకుండానే అమ్ముకుంటా. నువ్వు మాత్రం వెళ్ళకు."

"పేరు కోసం కాదే" అన్నాడు మేస్త్రి.

ఆమెను సుతారంగా పక్కకు జరిపి, మెట్లు దిగి, వీధిలోకి వెళ్ళిపోయాడు. మూలలోంచి దూది కొంచెం కొంచెంగా రాలుతూ అతని వెనకే పడుతోంది. అతను చూసుకోలేదు. ఆవిడ అడిగింది ఆ నలిగిన దిండును కాదు. అడిగింది ఇక్కడే, 'కునుకమ్మ' అని నేసిన లేబుళ్ళ అడుగున ఉంది.

పిలిస్తే వినపడేంత దూరంలోనే ఉన్నాడు. కునుకమ్మ పిలవలేదు.